సుద్ద గీతల బీడు

మణెమ్మ గొంతు లేస్తేనే మా ఊరికి తెల్లవారినట్టు. మొగుడు పోయాక నాలుగు బర్రెల్ని పెట్టుకొని, ఆళ్లగడ్డ హోటళ్లకు పాలు పోసి, ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంది. సెంటు భూమి లేదు. బర్రెలు బతికింది వాగు పక్కనున్న ఊరుమ్మడి బీడు మీదనే. "బీడు పోతే బర్రెలు నంద్యాల సంతకు, నేను కూలికి" అనేది. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ముందు బీడును తలచుకునేది, కూతుళ్లను తర్వాత.

ఎనభై రెండులో పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఊరందరినీ బడి ముందర కూర్చోబెట్టాడు. "బీడును ఎట్లా కాపాడుకోవాలో మీరే చెప్పాలి. కళ్లాలకు, వాములకు కావలసిన చోటు నేల మీద గుర్తు పెట్టండి. మిగిలింది ఎప్పటికీ ఎవరికీ ఇవ్వకుండా మేత బీడుగా రాసుకుంటాను. శుక్రవారం వస్తా" అన్నాడు.

మంచివాడే పాపం, మా ఊరి సంగతి ఆయనకేం తెలుసు? మా దగ్గర ఎవరైనా సుద్దపొడితో గీత గీస్తే ఆ చోటు వాళ్లది. ఇంకొకరు తొక్కరు, చెరపరు. గీసినవాళ్లే చెరపాలి. కళ్లాల కాడ తగువులు రాకూడదని పెద్దలు పెట్టిన కట్టడి అది.

ముందు పుల్లయ్య కళ్లానికి గీశాడు. అది చూసి రామలక్ష్మమ్మ వామికి గీసింది, ఇంకొకరు పెంటదిబ్బకు. సంజీవయ్యను ఎందుకు గీశావని అడిగితే "అందరూ గీస్తాండారు కదప్పా" అన్నాడు. మణెమ్మ అందరినీ నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి తిట్టి, ఎక్కడ చోటు దక్కదో అని దారి పక్కన తనూ ఒకటి గీసుకుంది. అందరికంటే పెద్దది! గురువారం పొద్దుగూకేసరికి బీడులో గీత లేని చోటే లేదు.

శుక్రవారం పొద్దున మణెమ్మ బర్రెల్ని తన గీతలోకి తోలింది. అవి ఉన్న గడ్డి కాస్తా కొరికేసి, నీళ్ల కోసం వాగు వైపు చూసి అరవసాగాయి. మధ్యలో అందరి గీతలూ అడ్డం.

"పుల్లయ్యన్నా, నీ గీత దాటనిస్తావా?"

"నా ఎద్దులే వాగుకు పోలేకుండా ఉండాయి. రామలక్ష్మమ్మను చెరపమను."

"మొదట గీసిందెవురు? ఆయప్పనే చెరపమను" అంది రామలక్ష్మమ్మ.

బీడు ఉండాలని అందరికీ ఉంది. ముందు చెరపాలని మాత్రం ఎవరికీ లేదు. అధికారి వచ్చే బస్సు వేళ దగ్గర పడుతోంది. మణెమ్మ తన గీత వైపు చూసింది. తను చెరిపి, మిగతావాళ్లు చెరపకపోతే బర్రెలకు అడుగు చోటు మిగలదు. ఎంత నోరున్న మనిషైనా భయపడింది.

బర్రెల్ని తోలే కట్టె పక్కన పడేసి, కాలితో తన గీతను బరబరా చెరిపేసింది.

"చెరిపినా. బర్రెల్ని అమ్ముకోమంటే చెప్పండి, రేపే తోలుకపోతా."

పుల్లయ్య తల గోక్కున్నాడు. "ఏందిమే, బెదిరిస్తాండావా?" అని గొణుగుతూనే తన గీత మీద కాలు పెట్టాడు. ఇంక ఆగలేదు. రామలక్ష్మమ్మ చీర ఎగ్గట్టి చెరిపింది. సంజీవయ్య ఉత్సాహం పట్టలేక పక్కవాడి గీత మీదికి కూడా పోబోతే నలుగురూ కేకలేసి ఆపారు. నవ్వులతో బీడంతా తిరనాళ్లలా అయింది. కళ్లాలకు ఊరివైపు ఒక మూల చాలు, వంతులవారీగా వాడుకుందామని అక్కడికక్కడే మాట అనుకున్నారు. బర్రెలు అప్పటికే వాగులో పడుకున్నాయి.

అధికారి పటం కాగితం చంకన పెట్టుకొని వచ్చాడు. ఖాళీ బీడును చూసి బిత్తరపోయాడు.

"గుర్తులు పెట్టమన్నాను కదమ్మా, ఏవీ?"

మణెమ్మ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని, మడమల దాకా తెల్లబడిన పాదాలు చూపించింది. ఆమె వెనక ఊరంతా తెల్లకాళ్లతో నిలబడి ఉంది.

"ఈడుండాయి సార్, రాసుకోండి."