పాదాలు చూసే కోచమ్మ

పదకొండేళ్లు దేశం తరఫున షటిల్ ఆడిన కోచమ్మ ఇప్పుడు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతుంది. పొద్దున్నే హాలు తాళం తీసి, ఈకలు ఊడిన షటిళ్లు ఏరేస్తుంది. ఆటలో పిల్లల మొహాలు చూడదు, పాదాలు చూస్తుంది.

ఫైనల్ రోజు ఆమె శిష్యురాలు ముళ్ల మీద నడిచినట్టు ఎడమకాలు వేస్తోంది. కోచమ్మ ఆమె మోకాలు నొక్కి చూసి, ఈ పిల్ల ఫైనల్ ఆడటం లేదని రెఫరీకి రాసిచ్చింది. "నోటికాడి ముద్ద మేడమ్! ఒక్క మ్యాచే కదా?" అన్నాడు పిల్ల తండ్రి. "నాకూ ఒక్క మ్యాచే అన్నారండీ. గెలిచాను కూడా. మళ్లీ ఆడలేదు," అందామె. పిల్ల రాకెట్ విసిరికొట్టి, "మీ మొహం చూడను!" అని ఏడ్చింది. కోచమ్మ రాకెట్ తీసి, తీగలు తడిమి సంచిలో పెట్టింది. "చూడకులే. సోమవారం డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను, తయారుగా ఉండు," అంది.