అరువు నొప్పుల పిన్ని

పిన్నిగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: తనకు లేని జబ్బులన్నీ ఉన్నాయని చెప్పుకోవడం.

వీధి చివరి చిన్న ఆసుపత్రి తలుపులు తీసేసరికి ఆవిడ ముందే వచ్చి బల్ల మీద కూర్చుని ఉండేది. మనిషి గుండ్రాయి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. ఆవిడ రక్తపోటు చూసీ చూసీ విసిగిపోయిన నర్సు, పట్టీ చుట్టకముందే అంకె చెప్పేసేది. చుట్టాక అదే వచ్చేది.

"ఈ వేళ ఏం తెచ్చారు పిన్నిగారూ?" అని అడిగేది నర్సు, బండి మీద కూరలు బేరమాడినట్టు.

"చెవమ్మాయ్. ఎడమది. బొత్తిగా వినపడి చావడం లేదు."

నర్సు గోడ అవతలికి వెళ్ళి, మందులిచ్చే ఆయన చెవిలో, "పనీపాటా లేదీవిడకి" అని గొణిగింది.

"విన్నాలే!" ఇవతలి నుంచి కేక.

డాక్టరు కుర్రవాడు. దేవుడు అతనికి ఓర్పు పుట్లకొద్దీ ఇచ్చి పంపాడు. పిన్నిగారు దాన్ని రోజూ వచ్చి సోలలతో తోడుకుపోయేది. ఒకరోజు అతని ముందు కూర్చుని చెంప నిమురుకుంటూ, "గడ్డం గీసుకున్నాక ఒకటే మంట బాబూ, దద్దుర్లు కూడానూ" అంది.

డాక్టరు కలం కింద పెట్టాడు. "గడ్డమా పిన్నిగారూ?"

"అంటే... ఉంటే మండుతుంది కదా అని."

మరోసారి పొద్దున్నే వాంతులంది, పులుపు మీదికి మనసు పోతోందంది. మనవలున్న మనిషి! నర్సుకు నవ్వాగలేదు. "పిన్నిగారూ, కొంపదీసి శుభవార్తా?"

"నోర్ముయ్ పిల్లా! పెద్దదాన్నైతే వాంతులు రాకూడదని రాసుందా ఎక్కడైనా?"

చిత్రమేమిటంటే ఆవిడ మాత్రలు అడిగేది కాదు. ఏం తినాలి, ఏం మానాలి, ఎంతవరకు ఓర్చుకోవచ్చు, ఎప్పుడు భయపడాలి అని అడిగి, డాక్టరు చెప్పిందంతా ఒకసారి పాఠంలా అప్పజెప్పి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని తుర్రుమనేది. ఒంటరి మనిషి, మాటల కోసం వస్తోంది పాపం అనుకున్నాడు డాక్టరు. నర్సు మాత్రం పాపం దాకా పోలేదు, పిచ్చి దగ్గరే ఆగిపోయింది.

ఒక ఉదయం పిన్నిగారు మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కింది. నర్సుతో వేళాకోళమాడలేదు. నేరుగా లోపలికి వెళ్ళి కూర్చుంది.

"గుండె మీద బండ పెట్టినట్టుంది బాబూ. ఎడమ చెయ్యి లాగేస్తోంది. నిన్నటి నుంచీ వచ్చి పోతోంది. పొద్దున చెమటలు కూడా పట్టాయి."

డాక్టరు ఒక్క ఉదుటున లేచాడు. పడుకోబెట్టారు, తీగలు తగిలించారు. కాగితం బయటికొచ్చింది. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీ గుండె నా గుండెకంటే బాగుంది."

"సరిగ్గా చూడు నాయనా! ఇస్త్రీపెట్టె ఎత్తినప్పుడల్లా మరీ ఎక్కువ."

నర్సు ఆవిడ బట్టల వంక చూసింది. బస్తాలోంచి అప్పుడే లాగినట్టున్నాయి. "పిన్నిగారూ, మీరు జన్మలో ఇస్త్రీపెట్టె ముట్టుకున్నారా? నిజం చెప్పండి, ఎవరిదీ నొప్పి?"

పిన్నిగారు తీగలతోనే లేచి కూర్చుంది. కళ్ళలో నీళ్ళు. "వీధి మూల మీద ఇస్త్రీ చేసే అబ్బాయిది. రమ్మంటే రాడు. ఆసుపత్రి పేరెత్తితే వణుకు."

"మరి ఆ గడ్డం?"

"బస్సు డ్రైవరుది. చెవి మా ఎదురింటి ముసలాయనది. వాంతులు పక్కింటి కోడలివి, అప్పటికింకా అత్తకి చెప్పలేదు. ఒకళ్ళకి సిగ్గు, ఒకళ్ళకి భయం, ఒకళ్ళకి తీరిక లేదు. నాకు సిగ్గూ లేదు, భయమూ లేదు, తీరిక బోలెడు. అందుకని వాళ్ళ బదులు నేనొస్తున్నా."

నర్సు ఆవిడ తీగలు ఒక్కొక్కటే మెల్లిగా విప్పింది. డాక్టరు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఈ నొప్పి మీరు మోసుకొస్తే కుదరదు పిన్నిగారూ. అతనే రావాలి, ఇప్పుడే."

"నా మాట వినడు నాయనా." ఒక్క క్షణం ఆలోచించి పిన్నిగారు మంచం దిగింది. "అమ్మాయ్, ఆటో పిలువు. నాకు గుండెపోటు వస్తోంది."

ఇస్త్రీ బల్ల ముందు ఆవిడ కూలబడిన తీరు చూస్తే అంతా తెలిసిన నర్సుకే గుండె గుభేల్మంది. ఇస్త్రీ అబ్బాయి పెట్టె పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో పిన్నీ!" అంటూ ఎత్తుకోబోయాడు.

పోతున్న ప్రాణం గభాలున లేచి కూర్చుంది. "ఎత్తకు! ఖబడ్దార్, బరువులెత్తకు!" అని అరిచి మళ్ళీ వాలిపోయింది. "ఊరికే తోడు రా, చాలు."

ఆసుపత్రిలో తీగలన్నీ తనకే తగిలిస్తుంటే అతను ఎదురు తిరిగాడు. "నాకెందుకండీ? పేషెంటు ఆవిడ!"

"ఆవిడకి అయిపోయాయి. కదలకండి" అంది నర్సు.

ఈసారి కాగితం చూడగానే డాక్టరు ముఖం బిగుసుకుంది. ఒక మాత్ర నమిలించి, పెద్దాసుపత్రికి ఫోన్ చేశాడు. అతని భుజం మీద చెయ్యి వేసి ఉన్నమాట చెప్పేశాడు. "జబ్బు మీ గుండెకే. సమయానికి దొరికారు. ఇప్పుడే వెళితే మళ్ళీ ఇస్త్రీపెట్టె పట్టుకుంటారు, ఆలస్యమైతే నేను చెప్పలేను."

"నేను వెళ్ళను. బల్ల మీద అందరి బట్టలూ ఉన్నాయి" అంటూ అతను లేవబోయాడు.

"అమ్మో!" పక్క మంచం మీంచి మూలుగు. "నన్నొక్కదాన్నే పంపేస్తావా అబ్బాయ్?"

అతను ఆగాడు. చెమట తుడుచుకున్నాడు. "సరే పద. నీ కోసమే వస్తున్నా. గుర్తుంచుకో."

అంబులెన్సు వచ్చింది. డ్రైవరు తలుపు తీసి, "పేషెంటు ఎవరండీ?" అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూపించారు.

నర్సు డ్రైవరుకు కళ్ళతో సైగ చేసింది. ఇస్త్రీ అబ్బాయిని పడుకోబెట్టి బెల్టు బిగించారు. పిన్నిగారు పక్కన ఎక్కి, చెయ్యి పట్టుకుని, లోలోపల దేవుణ్ణి తలచుకుంటోంది. తలుపు వేస్తుంటే అతని గొంతు వినపడింది.

"భయపడకు పిన్నీ. నేనున్నాగా."

"నువ్వుండాలనే నాయనా" అంది పిన్నిగారు.