పేపరు కింద చూడని రోజు

వాచ్‌మన్ రిజిస్టరులో నా పేరు పక్కన 'పనామె' అని రాశాడు. కొట్టేయమన్నాను.

"మరేం రాయాలె అక్కా?"

"ఆర్గనైజర్ అని రాయి."

"ఫంక్షన్లు చేస్తరా? మా బామ్మర్ది పెండ్లి ఉన్నది."

చివరికి 'సర్దేటామె' దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. లిఫ్టు దాకా వెళ్ళి అనుమానమొచ్చి వెనక్కి వచ్చి చూశాను. పాత మాట మీద గీసిన గీత సన్నగా ఉంది, మాట చక్కగా చదవొస్తోంది. పెన్ను అడిగి నేనే గట్టిగా కొట్టేశాను. అది చిక్కడపల్లిలో, ఒక బుధవారం పొద్దున.

ఇంత పట్టింపు ఎందుకని మా చెల్లెలు అంటుంది. పట్టించుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నారాయణగూడలో ఒక కాలేజీ లైబ్రరీలో పద్దెనిమిదేళ్ళు పుస్తకాలు సర్దాను. పర్మనెంట్ చేస్తామని ప్రతి ఏడూ అన్నారు. తీరా చేసేటప్పుడు నా ఫైలులో ఒక కాగితం కనబడడం లేదన్నారు. నేను ఇచ్చిన కాగితమే. ఎవరు తీశారని అడిగితే ఎవరూ చెప్పలేదు. నాతోపాటు చేరిన ముగ్గురికి ఉద్యోగం వచ్చింది, నన్ను మాత్రం వచ్చే నెల నుంచి రావద్దన్నారు. ఆ మాట చెప్పిన గుమాస్తా చెబుతున్నంతసేపూ బఠాణీలు నములుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఇళ్ళు సర్దే పని పెట్టుకున్నాను. నా పద్ధతి పెద్దదేమీ కాదు. నేల మీద మూడు పాత దుప్పట్లు పరుస్తాను. ఉండేవి ఒకదాని మీద, పోయేవి ఒకదాని మీద, అడగాల్సినవి మూడోదాని మీద. ఇంటివాళ్ళను అడగకుండా గుండుసూది కూడా గడప దాటించను. అన్నిటికంటే ముఖ్యంగా, అరల్లో పరిచిన న్యూస్‌పేపరును చూడకుండా తీయను. మన ఇళ్ళలో బీరువాకు తాళం వేస్తారు గాని, దాచాల్సినవి దాచేది పేపరు కిందే. బీరువా తాళంచెవి కూడా అక్కడే ఉంటుంది. జాతకాలు, పాస్‌పోర్టు ఫోటోలు, గ్యాసు కార్డు దొరుకుతాయి. అశోక్‌నగర్‌లో ఒకింట్లో పెళ్ళిచూపులకు వచ్చి కుదరకుండా పోయిన అబ్బాయి ఫోటో దొరికింది. ఆవిడకు అప్పటికే ఇద్దరు మనుమలు. "అడగాల్సినవి" దుప్పటి మీద పెడితే, ఒక్క నిమిషం చూసి, మళ్ళీ పేపరు కిందే పెట్టమంది. అందుకని పేపరును మూల పట్టుకొని ఎత్తుతాను, కింద చూస్తాను, దులుపుతాను, తర్వాతే చుడతాను.

ఆ బుధవారం చూడలేదు.

ఆ ఇంట్లో నాకు కనబడినవాళ్ళు ముగ్గురు. నన్ను పిలిపించిన కోడలు, ఆమె అత్త, కోడలి కూతురు. కూతురికి ఇరవై ఆరేళ్ళుంటాయి. ప్రభుత్వ ఉద్యోగం పరీక్షకు చదువుతూ రోజంతా అశోక్‌నగర్ రీడింగ్ రూములో ఉండేదట. రాతపరీక్ష అయిపోయినందువల్ల ఆ రోజు ఇంట్లోనే ఉంది.

నేను చెప్పులు విప్పుతుండగానే అత్తగారు అంది, "దేవుని అర్రలకు పోకు బిడ్డా. గది మేం జూసుకుంటం." దేవుని గదిలోకి వెళతానని నేను అనలేదు. ఆ గది వైపు చూడనైనా లేదు. పదకొండింటికి టీ వచ్చింది. వాళ్ళ ముగ్గురికీ పింగాణీ కప్పుల్లో, నాకు పేపరు కప్పులో. హోటల్లో ఇస్తే తాగుతాం, అది వేరు. ఇంట్లో అవి కట్టలుగా కొని పెట్టుకున్నారంటే, నాలాంటివాళ్ళు వచ్చినప్పుడు తీయడానికే కదా. నేను ఆ టీ ముట్టుకోలేదు. చల్లారి, మీగడ కట్టి, అడుగు మెత్తబడేదాకా కిటికీ గట్టు మీద అలాగే ఉంచాను. ఎవరైనా అడిగితే చెబుదామని. ఎవరూ అడగలేదు.

ఆ కప్పును చూస్తూనే మధ్యగదిలో గోడ అల్మారా ఖాళీ చేశాను. ఆరు అరలు. నాలుగు అరల పేపర్లను మూల ఎత్తకుండా, దులపకుండా పరపరా లాగి చుట్టి, పోయేవాటితో కలిపి మూటలు కట్టేశాను. మిగతా రెండు మర్నాటికి వదిలాను.

పోయే మూటలను మూడు రోజులు ఇంట్లోనే ఉంచమని అందరికీ చెబుతాను. కోడలు వినలేదు. "వద్దక్కా, ఇయ్యాలనే పోవాలె. మూటలు కనవడ్డయంటే మా అత్తమ్మ అన్ని మళ్ల లోపట వెట్టుకుంటది." సరేనని మూడు మూటలూ ఆటోలో వేసుకొని, నారాయణగూడ మార్కెట్ వెనక పాత పేపర్ల దుకాణంలో దింపి ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కోడలు ఫోన్ చేసింది.

"అక్కా, మధ్య అర్రల అల్మార ఉన్నది కదా. పేపర్ కింద ఒక సర్టిఫికెట్ ఉండె. మీరు తీసిండ్రా?"

"ఏం సర్టిఫికెట్?"

"మా పిల్లది. స్టడీ సర్టిఫికెట్. మడత పడొద్దని అత్తమ్మ ఎప్పుడో గాడ వెట్టింది. రేపే వెరిఫికేషన్."

మూడోసారి రాస్తే పిల్ల రాతపరీక్ష గట్టెక్కిందట. ఆ పిల్ల చదివింది ఇక్కడేనని చూపే కాగితం అది. అది లేకపోతే ఉద్యోగాల్లో లోకల్ కోటా కిందికి రాదు. ఇంకోటి తెచ్చుకుందామంటే చదివిన స్కూలు మూతపడింది. ఆ మేడలో ఇప్పుడు హాస్టల్ నడుస్తోంది. ముసలావిడను అడుగుదామంటే పొద్దున్నే కాచిగూడలో చెల్లెలింటికి వెళ్ళింది, ఫోను ఇంట్లోనే మరిచిపోయింది. ఆ చెల్లెలి నంబరు ఆవిడ ఫోనులోనే ఉంది, దానికి తాళం.

"మీరు చూసే తీసిండ్రు కదా అక్కా?"

"చూసే తీసిన," అన్నాను. "ఆడ ఏం లేకుండె."

ఫోను పెట్టేశాక నా మాట నా చెవిలోనే మోగింది. చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకున్నానో తెలియలేదు.

పాత పేపర్ల దుకాణం పెద్దాయన అప్పటికే షట్టరు ఎత్తి కూర్చున్నాడు. మూటలు విప్పుతానంటే నవ్వాడు. "ఏందమ్మా, ఇచ్చినయి వాపస్ కావాల్నా? పేపర్ల నీ ఫోటో గిట్ల వడ్డదా?"

"నిన్న తెచ్చిన మూడు మూటలన్నా. చీర అంచుతోని కట్టిన."

నేను ప్లాస్టిక్ తాడు వాడను. పాత చీరల అంచులు చింపి కడతాను, అందుకని గుట్టలో నా మూటలు దూరం నుంచే తెలిశాయి. రెండే ఉన్నాయి.

"మూడోది పొద్దుగాలనే మిల్లు బండికి పోయిందమ్మా. ఇగ అది దొరకది."

రెండు మూటలూ దుకాణం ముందు నేల మీదే విప్పి కూర్చున్నాను. నూనె మరకలు, బొద్దింకల గుడ్లు, కలరా ఉండల వాసన. ఒక పేజీ నిండా ఎప్పటివో పదో తరగతి ఫలితాల నంబర్లు. తెల్లగా ఏది మెరిసినా లాక్కొని చూశాను. ఒకటి శుభలేఖ. ఒకటి కరెంటు బిల్లు. ఒకటి ఎవరిదో ఎక్స్‌రే కవరు. ప్రతి పేజీనీ రెండువైపులా తిప్పి చూశాను. చూసినవాటినే మళ్ళీ చూశాను. ఒక్కొక్కరు వాళ్ళ బండి తీయడానికి నన్ను జరగమంటున్నారు.

నా ఫైలులో కాగితం పోగొట్టింది ఎవరని ఇన్నేళ్ళూ అడిగాను. గుమాస్తానా, అటెండరా, ఆఫీసు సర్దడానికి వచ్చిన ఎవరో మనిషా అని. వాళ్ళను తిట్టని రోజు లేదు. ఆ మూటల మధ్య కూర్చుంటే, రేపటి నుంచి ఆ పిల్ల తిట్టుకోబోయే మనిషిని నేనే అనిపించింది.

నాలుగు అరల్లో రెండింటి పేపర్లే దొరికాయి. మిగతావి మూడో మూటలో పోయినట్టే. సర్టిఫికెట్ లేదు.

వెళ్ళకుండా ఉండిపోదామా అనుకున్నాను. ఫ్లైఓవర్ కింద ఆగి రెండుసార్లు వెనక్కి తిరిగాను కూడా. చివరికి నడిచే వెళ్ళాను. ఆ రోజు వాచ్‌మన్ రిజిస్టరులో ఏం రాశాడో చూడలేదు.

ఇల్లంతా తిరగేసి ఉంది. నేను వరసగా పేర్చిన డబ్బాలన్నీ మళ్ళీ నేల మీద ఉన్నాయి. పిల్ల గోడకు ఆనుకొని కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. ఒడిలో ప్లాస్టిక్ ఫోల్డరు పెట్టుకొని దాని బొత్తాం తీస్తోంది, పెడుతోంది. ఆ టక్ టక్ చప్పుడు భరించడం కష్టమైంది.

కోడలు మాత్రం అరిచింది. "బయటోళ్లను వెట్టుకుంటే గిట్లనే అయితది. మంచిగ చూసే తీసిండ్రా అక్కా? దేవుని మీద ఒట్టేసి చెప్పుండ్రి."

ఒట్టు వేయడానికి నోరు రాలేదు. చూడలేదని చెప్పడానికీ రాలేదు. "నన్ను అనుమానిస్తున్నరా?" అన్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు గుమ్మంలో ఆటో మనిషితో చిల్లర గొడవ వినబడింది. అత్తగారు వచ్చింది. కోడలు ఎదురెళ్ళి అంతా ఒకే గుక్కలో చెప్పింది. ముసలావిడ విని, చేతిలోని పూల పొట్లం నాకు ఇచ్చి పట్టుకోమని, కాళ్ళు కడుక్కొని దేవుని గదిలోకి వెళ్ళింది. పీట మీద పరిచిన ఎర్రగుడ్డ కింది నుంచి కాగితం తీసుకొచ్చింది. ఒక్క మడత లేదు. మూలన కొంచెం కుంకుమ అంటింది.

"బయటి మనిషి వస్తుందంటిరి. ఏం తీస్తదో, ఏం పారేస్తదో అని మంగళారం నాడే తీసి దేవుని కాడ వెట్టిన. గింత దానికి లొల్లి ఎందుకు?"

పిల్ల కాగితాన్ని ఫోల్డరులో పెట్టి, బొత్తాం పెట్టి, ముఖం మోకాళ్ళలో దాచుకుంది. అప్పుడు ఏడ్చింది.

కోడలు నా వైపు చూసి, "పోనీలే అక్కా, దొరికింది కదా," అంది. క్షమించమని అనలేదు. ఆమె ఎప్పటికీ అనదు. ఇంకో రోజైతే నేను ఆ మాట అనిపించుకునే గడప దిగేదాన్ని. 'బయటి మనిషి' అని నా ముందే అన్న ముసలావిడను కూడా వదిలేదాన్ని కాదు. ఆవిడ నన్ను నమ్మలేదు. నమ్మి ఆ కాగితాన్ని ఉన్నచోటే ఉంచి ఉంటే, ఆ పొద్దున బండిలో పోయేదేమో. పూల పొట్లం ఇంకా నా చేతిలోనే ఉంది.

నీళ్ళు తాగుతానని వంటింట్లోకి వెళితే పిల్ల వెనకే వచ్చింది.

"మీ చేతులేంది అక్కా, గింత నల్లగున్నయి?"

చూసుకున్నాను. న్యూస్‌పేపరు సిరా మణికట్టు దాకా ఉంది.

"పాత పేపర్ల దుకాణంకు పోయొచ్చిండ్రు," అంది మెల్లగా. "చూసే తీస్తే ఎందుకు పోయిండ్రు?"

"చూడలేదు బిడ్డా," అన్నాను. "నిన్న చూడకుండనే చుట్టిన. అబద్ధం చెప్పిన."

ఆ పిల్ల కుళాయి తిప్పి, సబ్బు నా వైపు జరిపింది. "నానమ్మకు చెప్పకుండ్రి. తెలిస్తే ఇగ పాలాయనను సుత లోపట్కి రానియ్యది."

చేతులు కడుక్కున్నాను. స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది, తాగాను. నిన్నటి పేపరు కప్పు సంగతి అప్పుడే అడగాల్సింది, అడగలేకపోయాను. అది ఇప్పటికీ అడగాల్సినదిగానే మిగిలింది.

మధ్యగదిలో రెండు అరలు మిగిలాయి. కుర్చీ వేసుకొని ఎక్కాను. పై అర పేపరును మూల పట్టుకొని ఎత్తాను. కింద ఏమీ లేదు, దుమ్ము. దించి, మళ్ళీ ఎత్తి చూశాను. కింద నిలబడి ముసలావిడ నా చేతులనే చూస్తోంది. చూడనిచ్చాను.