పదిన్నరకే ఎండ వెళ్ళిపోయిన డాబా

దుండిగల్‌లోని మా ఇంటి మీద సోలార్ పెట్టించాలని మా ఆయనా నేనూ చాలాకాలంగా అనుకుంటున్నాం. దిగేముందు ఎవరింట్లోనైనా కళ్ళారా చూడాలనిపించింది. షామీర్‌పేటలో పిండి గిర్ని నడిపే యాదమ్మగారి డాబా మీద ఉందని తెలిసినావిడ ఒకరు నంబరిచ్చారు. "సోలార్ చూడ్డానికి వస్తానండీ" అని ఫోన్ చేస్తే, "రేపు పొద్దుగాల్నే రాండ్రి" అన్నారామె.

డిసెంబరు చలిలో ఎనిమిదింటికి బయల్దేరాను. గండిమైసమ్మ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి మేడ్చల్ డిపో దగ్గర దిగి, వేడి ఇడ్లీ తిని, షామీర్‌పేటకి ఇంకో ఆటో పట్టుకున్నాను. టిఫినుతో కలిపి రెండు వందల లోపే అయింది. "మీరూ సోలార్ పెట్టించుకోవచ్చుగా?" అంటే డ్రైవరు నవ్వాడు. "మేం కిరాయికుంటున్నం అక్కా. డాబా తాళంచెవి ఓనర్ తాన ఉంటది. మాకేడి సోలార్?"

యాదమ్మగారు గిర్ని ఆపి నన్ను నేరుగా పైకి తీసుకెళ్ళారు. ప్యానెళ్ళు ఎండలో తళతళలాడుతున్నాయి. మురిసిపోతూ ఫొటోలు తీస్తున్నాను. పదిన్నర దాటగానే డాబా అంచున నీడ మొదలైంది. ఆమె తెచ్చిన చాయ్ తాగేలోపు ఒక్కో ప్యానెలే నల్లబడుతూ అన్నీ నీడలోకి వెళ్ళిపోయాయి. తలెత్తి చూశాను. దక్షిణం వైపు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. దాని నెత్తిన నిండు ఎండలో కొత్త ప్యానెళ్ళు!

"ఇదేంటండీ!" అన్నాను.

"నేను పెట్టిచ్చినప్పుడు ఆడంత ఖాళీ జాగ. ఎండకాలం జర నయం గానీ, ఇప్పుడు రోజూ గింతే. బిల్డర్ని అడగవోతే 'నీ జాగల కట్టిన్నా?' అన్నడు. ఆఫీసోళ్ళు కొలిసి, అంత రూల్ ప్రకారమే ఉందన్నరు. ఎండకు రూల్ లేదంట."

"వాళ్ళ టెర్రస్ మీద కాస్త చోటు అడగలేదా?"

"అడిగిన. బయటోళ్ళకు ఇయ్యమన్నరు. పిండి మాత్రం నా తాన్నే పట్టిచ్చుకుంటరు."

కిందికి దిగాక ఆమె కాస్త తటపటాయించి, "మరి ప్యానెళ్ళు ఎప్పుడు విప్పించుకపోతరు? ధర మీరే చెప్పుండ్రి" అన్నారు.

ధర దేనికని అడిగాను. ఆమె వాటిని అమ్మకానికి పెట్టారట. చూడ్డానికి వస్తానంటే కొనడానికే అనుకున్నారు. సంగతి చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. "ఏం గాదు తియ్యమ్మా" అంటూ గిర్ని స్విచ్చి వేశారు. ఆ చప్పుడులో నేనేం సర్దిచెప్పినా ఆమెకి వినబడలేదు.

పోయిన వారం ఫోన్ చేస్తే, ఆ ప్యానెళ్ళని ఊరవతల ఎవరో రైతు బోరు కోసం పట్టుకుపోయాడని చెప్పారు. ఎండ అందరికీ సమానమేనని ఇన్నాళ్ళూ నమ్మాను. నగరంలో అది డాబా సొంతమున్నవాళ్ళది, అందులోనూ ఎత్తుగా కట్టుకోగలిగినవాళ్ళది. రూల్ తప్పినవాళ్ళెవరూ లేకుండానే యాదమ్మగారి ఎండ పోయింది.

సోలార్ పెట్టించే ముందు చలికాలంలో ఒక పూర్తి రోజు మీ డాబా మీద నీడలు చూసుకోండి. దక్షిణాన ఖాళీ స్థలముంటే అక్కడేం కడతారో కనుక్కోండి. మీరే పై అంతస్తు వేస్తుంటే, ఉత్తరం వైపు ఇంటివాళ్ళని ముందుగా పలకరించండి.