ముందు షాఫ్ట్ లేని జీపు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేవాళ్లని చూస్తే నాకు జాలి కూడా కలగదు, ఒళ్లు మండుతుంది. మాది మిషనరీల కాలం నుంచి బళ్లారిలో ఉంటున్న తెలుగు క్రైస్తవ కుటుంబం. దయ్యాలు వదిలిస్తామని ఊరూరా తిరిగే ప్రసంగీకుల్ని చిన్నప్పుడే చూశాను. వాళ్ల మీద గౌరవం అప్పుడే పోయింది.

నేను మెకానిక్కుని. సండూరు రోడ్డులో నాకు షెడ్డుండేది. గనుల జోరు నడుస్తున్న రోజులవి. నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు ఇవాళ లారీల ఓనరు. బండి కిందికి ఒక్కసారి వంగి చూసిన పాపాన పోడు, బంపరుకి నిమ్మకాయలు మాత్రం వారం వారం మారుస్తాడు. గేరుబాక్సులో ఆయిలు మార్చండయ్యా అంటే, "యాకప్పా, ఎందుకు? మొన్ననే పూజ చేసినాము కదా" అనేవాళ్లు. ఇలాంటివాళ్ల చేతికి బళ్లు ఇచ్చిన దేవుణ్ణి అనాలి.

ఇంకో తెలివితక్కువ పని ఫోర్ వీల్ లివరు. ముందు చక్రాలకి కూడా ఇంజను బలాన్ని అందించే లివరు అది. మెత్తటి మట్టిలో, బురదలో వేసుకోవాలి, తారు రోడ్డు ఎక్కగానే తీసెయ్యాలి. గుట్టల్లో తిరిగే డ్రైవర్లు దాన్ని వేసి అలాగే వదిలేస్తారు. వేసి ఉంటే బండికి బలమని వాళ్ల నమ్మకం. గట్టి రోడ్డు మీద అలా తోలితే లోపల గేరు పళ్లు బిగుసుకుపోయి, ముందు భాగమంతా అరిగి చస్తుంది. కొన్నాళ్లకి కింద చప్పుళ్లు మొదలవుతాయి. అప్పుడు బండికి గాలి సోకిందంటారు.

ఆ మేధావుల్లో మా బావ ఒకడు. అంటే మా అక్క రూతమ్మ మొగుడు. మిలిటరీ వేలంలో కొన్న పాత జీపుని దోణిమలై వైపు గనుల్లో సూపర్‌వైజర్లని తిప్పడానికి బాడుగకి తోలేవాడు. గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు. ఆ జీపే అక్కకి ఆధారం. డ్రైవర్ని పెట్టుకుని బాడుగలకి పంపేది.

డ్రైవర్లు నిలవలేదు. చివరివాడు తెక్కలకోట హనుమంతప్ప, తాళం తెచ్చి నా షెడ్డులో పడేశాడు.

"కింద ఎవురో కొడతాండారన్నా. గుట్ట ఎక్కేటప్పుడు స్టీరింగు నా మాట ఇనదు, లాగుతాండాది. నా వల్ల గాదు."

వాడి మొహం మీదే నవ్వాను. కానీ మాట ఊరంతా పాకింది. దయ్యం పట్టిన బండిని ఎవరు కొంటారమ్మా అంటూ ఒక తుక్కు వ్యాపారి అప్పుడే అక్క గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాడు. జీపు పోతే అక్క ఎవరింట్లోనో గిన్నెలు తోముకోవాలి. చప్పుడు ఎక్కడిదో తేల్చి, ఈ వెధవల నోరు మూయించి, బండిని మళ్లీ బాడుగకి పంపాలనుకున్నాను.

ఆయిలు దింపి వేళ్ల మధ్య రుద్ది చూశాను. ఎర్రమట్టి కలిసి చిక్కగా ఉంది, అందులో ఉక్కు పొడి మెరుస్తోంది. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ముందు చక్రాలకి బలం తీసుకెళ్లే ఇనుప గొట్టం, చేత్తో ఆడిస్తే జాయింట్ల దగ్గర కటకటమంది. అంతా బావ ఘనకార్యమే. అయినా మా పనిలో ఒక పద్ధతుంది. ముందు షాఫ్ట్‌ని పూర్తిగా విప్పేసి, వెనక చక్రాలతోనే గుట్ట ఎక్కించాలి. చప్పుడు పోతే జబ్బు ముందు వైపు, ఉంటే వెనక వైపు.

షాఫ్ట్ విప్పి నా చేత్తోనే షెడ్డులో బల్ల మీద పెట్టాను. ఇక్కడ పొరపాటుకి తావు లేదు. అది బండిలో లేదు.

అక్క కూడా వస్తానంది. "అందురూ అంటాండారు. నా చెవులతో నేనే ఇంటా" అని పక్క సీట్లో కూర్చుంది. పట్టపగలు, ఎండ చురుక్కుమంటోంది. ఖనిజం లారీల వెనకాల దుమ్ము తింటూ గుట్ట దాకా వెళ్లి, గని మట్టిరోడ్డు ఎక్కాం. సగం దూరం వచ్చినా ఒక్క చప్పుడు లేదు. నాకు సంబరం ఆగలేదు.

"ఇన్నావా అక్కా? నీ డ్రైవర్లని పట్టిన దయ్యం మా షెడ్డులో బల్ల మీద పండుకోనుండాది."

అక్క నవ్వలేదు. బాగా నిటారుగా ఉండే మలుపు దగ్గర వెనకనుంచి ఠప్పుమని చప్పుడు. ఇంజను రొద పెడుతోంది, బండి కదలదు. వెనక యాక్సిల్, అంటే వెనక చక్రాల్ని తిప్పే ఇరుసు, విరిగిందని క్షణంలో తెలిసిపోయింది. ఇక ఏ చక్రానికీ బలం అందదు. ఆ పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు కూడా వెనక షాఫ్ట్ మీదే పనిచేస్తుంది, యాక్సిల్ విరిగితే అదీ దండగే. కాలి బ్రేకు తొక్కాను. వెనక్కి జారే బండిని ఆ డ్రమ్ము బ్రేకులు సరిగా పట్టవు. జీపు మెల్లగా వెనక్కి జారడం మొదలైంది. ఒక పక్క లోయ, వెనక లోడు లారీ. దూకెయ్ అక్కా అని అరిచాను. ఆమె దూకలేదు. రెండు చేతులతో ముందున్న కమ్మీ పట్టుకుని కూర్చుంది.

జీపు ఆగింది. తర్వాత ముందుకి కదిలింది.

స్టీరింగు నా చేతుల్లో బరువెక్కి లాగసాగింది. ఫోర్ వీల్ వేసినప్పుడు లాగేది అలాగే. తలుపుల్లేని జీపు కాబట్టి పక్కకి వంగి చూశాను. ముందు చక్రం మట్టిని గీరుకుంటూ తిరుగుతోంది. చిన్న రాళ్లు లేచి నా మోకాలికి తగిలాయి. అలాగే మలుపు దాటి, పైన చదునుగా ఉన్న చోటికి ఎక్కి, అక్కడ ఆగిపోయింది.

వెనకాల వచ్చిన లారీ డ్రైవరు మస్తాన్ సాబ్ దిగి వచ్చాడు. "ఏంది ఉస్తాద్, ఎనక్కి దొర్లిన బండి ముందు చక్రాలతో గీరుకోని ఎక్కింది. ఫోర్ వీల్ ఏసినావా?"

జీపు కిందికి దూరాను. ముందు షాఫ్ట్ ఉండాల్సిన చోట ఖాళీ. వెనక యాక్సిల్ రెండు ముక్కలు. పైకొచ్చి మళ్లీ గేరు వేసి చూశాను. ఇంజను అరిచిందే గాని బండి అంగుళం కదల్లేదు. చివరికి ట్రాక్టరు పెట్టి దించాల్సొచ్చింది.

తర్వాత చాలామంది చాలా చెప్పారు. లారీ తోసి ఉంటుందన్నాడొకడు. వెనక బంపరు మీద దుమ్ము పొర చెక్కుచెదరలేదు, నేను చూశాను. విరిగిన యాక్సిల్ ముక్కలు కాసేపు ఒకదాన్నొకటి పట్టుకున్నాయన్నాడు ఇంకొకడు. పట్టుకుంటే వెనక చక్రాలు లాగాలి. మట్టిలో గీరిన గుర్తులు ముందు చక్రాలవి. ఇంత తెలిసినవాళ్లు గుట్ట దాకా వచ్చి ఒకసారి చేసి చూపించమంటే మాత్రం ఎవడూ రాలేదు.

అక్కకి చెప్పాను, యాక్సిల్ మార్చడం పెద్ద పని కాదు, జాయింట్లు వేసి షాఫ్ట్ బిగిస్తే బండి మళ్లీ బాడుగకి పోతుంది, డ్రైవర్ని నేను వెతుకుతానని. ఆమె నా వైపు చూడకుండానే అంది.

"బతికినన్ని దినాలూ ఆ ఎర్రమన్నులోనే తోలినాడు. సచ్చినాక గూడా కూలికి పంపల్నా తమ్ముడా? నాకు చేతులుండాయి."

మూఢనమ్మకాలు పెట్టుకుని కడుపు మాడ్చుకుంటావా అని కోప్పడ్డాను. వినలేదు. తర్వాత ఒక హాస్టల్లో వంటకి కుదిరింది. జీపుని ఆ తుక్కు వ్యాపారికే ఇచ్చింది. వాడు బాగు చేయించి తోలుకుందామనుకున్నాడు. అక్క ఒప్పుకోలేదు, తన ఎదురుగానే ముక్కలుగా కొయ్యాలని పట్టుబట్టింది.

గ్యాసు కట్టరు వెలిగించే ముందు అక్క జీపు దగ్గరికి వెళ్లి, డ్రైవరు సీటు మీద పేరుకున్న దుమ్ము కొంగుతో తుడిచింది. "ఇంగ చాలు. దిగు" అంది మెల్లగా.

ఆ రోజు గుట్ట మీద ముందు చక్రాల్ని ఏది తిప్పిందో నాకు తెలీదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ అక్క ఆ మాట అనగానే, దిగేవాళ్లకి దారి ఇస్తున్నట్టు నేనెందుకు పక్కకి జరిగి నిలబడ్డానో చెప్పలేను.