మంచం పక్కన మా ఊరి స్టేషన్

మొన్న కరెంటు బిల్లులు పెట్టుకునే ఫైలు కొందామని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టేషనరీ దుకాణానికి వెళ్లాను. బడి పిల్లల ప్రాజెక్టులకు కావలసిన సామానంతా అక్కడ తాళ్లకు వేలాడదీసి ఉంటుంది. థర్మకోల్ ముక్కలు, ఐస్‌క్రీం పుల్లలు, మెరుపు కాగితాలు. వాటి మధ్య ఒక పొట్లంలో ఆకుపచ్చ పొడి కనబడింది. రంపపు పొట్టుకు రంగు వేసి ఎండబెట్టిన పొడి అది. జిగురు పూసిన చెక్క మీద చల్లితే గడ్డి మొలిచినట్టే ఉంటుంది. నా చెయ్యి దాని మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. దుకాణంలో అమ్మాయి "ఎన్ని కావాలె ఆంటీ?" అని అడిగింది. ఫైలు సంగతే మరిచిపోయి, ఏమీ కొనకుండా మెట్లు దిగి వచ్చేశాను. ఆ పొడి మా బావ కనుబొమ్మల్లో, దిండు గలేబుల్లో, చివరికి మా అక్క కోసం కాచిన రాగిజావలో కూడా తేలిన ఎండాకాలం ఒకటుంది.

మా బావ నల్లగొండ పల్లెటూరివాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సే నడిపాడు. ఆయనకు రైలంటే భలే చులకన. "స్టీరింగే లేదు, దాన్ని నడుపుడేంది? దాంట్ల కూసునుడే గద!" అని మా అక్కను ఉడికించేవాడు. ఎందుకంటే మేం రైలు కూతతో లేచి రైలు కూతతో పడుకున్న పిల్లలం. మా ఊళ్లో ఒక హాల్ట్ ఉండేది. స్టేషన్ మాస్టరూ లేడు, జెండాలూ లేవు. ఒక గది, ఊరి పేరు రాసిన పసుపు బోర్డు, మట్టి ప్లాట్‌ఫారం, అంతే. పెద్ద స్టేషన్ నుంచి టికెట్లు తెచ్చి కమీషన్ మీద అమ్మే ఏజెంటు ఊరి మనిషే అయి ఉంటాడు. మా ఊళ్లో ఆ మనిషి మా నాయిన. ఊరంతా ఆయన్ను స్టేషన్ మాస్టరనే పిలిచేది, ఆయన ఎన్నడూ కాదనలేదు. మా అమ్మది పోచంపల్లి పక్క ఊరు. నూలుకు రంగులద్ది, స్టేషన్ గది వెనకాల నుంచి మా ఇంటి దాకా తీగ కట్టి ఆ నూలు కట్టలను, చిలపలంటారు వాటిని, ఆరేసేది. ఎరుపూ నీలం నూలు చిలపల కింద నుంచి వంగి వంగి నడవడం వల్లే నేను పొట్టిగా మిగిలిపోయానని మా అక్క ఆటపట్టించేది. నాయిన పోయాడు, అమ్మ పోయింది, ఆ హాల్ట్ కూడా ఎత్తేశారు. మేమిద్దరం పెళ్లిళ్లయి పట్నం వచ్చాం. అక్క దిల్‌సుఖ్‌నగర్‌లో, నేను ఎల్బీనగర్‌లో. మెట్రో ఎక్కి సీటు దొరికేలోగా దిగిపోయేంత దూరం.

ఆ ఏడు ఎండలు ముదరకముందే అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. దవాఖానలో ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. బాగున్న ఎడమ చేత్తో అక్క ఆ గొట్టం పీకేసింది. మళ్లీ వేశారు, మళ్లీ పీకింది. అప్పుడు ఆ చేతిని గుడ్డతో మంచం కడ్డీకి కట్టేశారు. వాళ్ల తప్పు కూడా కాదు, వేరే దారి లేదు. కానీ ఆ కట్టిన చెయ్యి చూసిన రోజు మా బావ వరండాలో గోడకు తల ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఇంటికి తెచ్చుకున్న రోజున "ఇంక దాని చేతులు ఎవ్వలనూ కట్టనియ్య" అన్నాడు.

ఇంటికి తెచ్చుకోవడమైతే తెచ్చుకున్నాం, సాయంగా నేనూ అక్కడే ఉండిపోయాను గాని అక్క నోరు తెరవలేదు. గొంతులో అడ్డమేమీ లేదన్నారు. డాక్టరు ఇంటికొచ్చి చూసి "మింగగలరు, మింగాలని అనుకోవడం లేదు. కొన్నాళ్లు చూద్దాం. ఇట్లాగే ఉంటే మళ్లీ గొట్టం తప్పదు" అని చెప్పి వెళ్లాడు. ఆ మాట ఆ ఇంట్లో గడియారంలా కొట్టుకుంటూ ఉండిపోయింది. జావ, పప్పన్నం, పెరుగన్నం, బత్తాయి రసం, ఏది తెచ్చినా అక్క పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగేది. బలవంతాన చెంచాతో నాలుగు గుక్కలు దిగితే అదే ఆ రోజుకు పండగ. "ఒక్క బుక్క తిను. నా మీద ఒట్టు. ఒక్కటే బుక్క" అని బావ బతిమాలుతుంటే నేను వంటింట్లో నిలబడి చెవులు మూసుకునేదాన్ని. మా అక్క మెడ ఎముకలు రోజురోజుకూ బయటికొస్తున్నాయి. నాకు దేవుడి మీద, డాక్టరు మీద, ఆ గోడ మీద కూడా కోపం వచ్చేది.

ఒక సాయంత్రం టీవీలో ఏదో రైలు పోతోంది. అక్క కళ్లు దాని వెంట చివరి డబ్బా దాకా వెళ్లాయి. బావ చూశాడు. అంతే, ఆయనకు పిచ్చి పట్టింది. మర్నాడు కోఠి వెళ్లి బ్యాటరీతో నడిచే బొమ్మరైలు తెచ్చాడు. నేల మీద పట్టాలు పరిచి వదిలితే అక్క ఒకసారి చూసి గోడవైపు తిరిగింది. "రైలొక్కటే చాలది మరదలా. స్టేషన్ కావాలె. మీ ఊరు కావాలె. అది చూస్తే లేస్తది, నాకు ఎరుకే" అన్నాడు.

స్టేషన్ ఫొటో కోసం మా ఊరికి వెళ్లాడు. అక్కడ గది లేదు, బోర్డు లేదు, మొండి నేల ఉంది. ఉత్త చేతులతో రాలేక ఒక సంచి నిండా చెలక మన్ను తెచ్చాడు. ఇక అక్క మంచం పొడుగంత ప్లైవుడ్ పలక మీద ఆ మన్ను పరిచాక మా ఊరు మొలవడం మొదలైంది. థర్మకోల్‌ను వేడి కత్తితో కోసి గట్లు చేసి, జిగురు పూసి, వాటి మీద ఆ ఆకుపచ్చ పొడి చల్లి గడ్డి మొలిపించాడు. వాడేసిన టీ పొడి ఎండబెట్టి పట్టాల మధ్య కంకరగా పోశాడు. చీపురు పుల్లలకు పచ్చ దారం చుట్టి తాటిచెట్లు నిలబెట్టాడు. అక్క బొట్టుబిళ్ల అంటించి సిగ్నల్ చేశాడు. బొమ్మరైలు కూత వేయడానికి బదులు ఏదో హుషారు పాట పాడేది. దాని నోట్లో దూది కుక్కి, కూత ఆయనే వేసేవాడు. గుండ్రటి పట్టాలు కాబట్టి బయల్దేరిన రైలు టీ చల్లారేలోగా అదే స్టేషన్‌కు వచ్చేది. "ఈ రైలెక్కితే యాడికీ పోలేం బావా" అంటే, "యాడికీ పోవద్దనే గద కడుతున్న" అన్నాడు. నాకు నవ్వు ఆగిపోయింది.

ఎదురు ఫ్లాటులో తెనాలి ఆవిడ ఉండేది. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి "అన్నయ్యగారూ, ఆవిడ పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పక ఈ జిగురు పనేవిటండీ?" అని గట్టిగానే మందలించింది. మర్నాడు తనే కొత్త మిక్సీ వచ్చిన అట్టపెట్టె తెచ్చి "గోడలకి పనికొస్తుందేమో చూడండి" అని ఇచ్చి వెళ్లింది. ఆ అట్టతోనే బావ స్టేషన్ గది కట్టాడు. ముందు గోడకు సున్నం, టికెట్ల కిటికీకి అగ్గిపుల్లల ఊచలు, పైన పసుపు బోర్డు, దాని మీద మా ఊరి పేరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పలక తయారైంది. అప్పటికి అక్క రెండు రోజులుగా చెంచాడు నీళ్లు తప్ప తీసుకోలేదు. మర్నాడు డాక్టరు వస్తాడు. వస్తే ఏం చెబుతాడో మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పలకను మోసుకొచ్చి మంచం పక్కన బల్ల మీద, అక్క దిండుకు ఎదురుగా పెట్టాం. స్టేషన్ ముఖం అక్క వైపు పెట్టి, బావ కూత వేసి రైలు వదిలాడు. అక్క చూసింది. బోర్డు చూసింది, రైలు చూసింది, మా ఇద్దర్నీ చూసింది. తర్వాత నెమ్మదిగా గోడవైపు తిరిగింది. బావ రైలు ఆపలేదు. అది తిరుగుతూనే ఉంది, ఆయన నేల మీద కూలబడ్డాడు. "ఐపాయె. ఇగ కట్టేస్తరు దాని చేతులు" అన్నాడు. మా అక్కను పోగొట్టుకుంటున్నామని నాకు ఆ క్షణాన ఖాయంగా అనిపించింది.

ఏమీ తోచక నేను అక్క మంచం మీదే, ఆమె పక్కన తల పెట్టి ఒరిగాను. అక్కడి నుంచి చూస్తే ఆ స్టేషన్ నాకూ కొత్తగా కనబడింది. బోర్డూ టికెట్ల కిటికీ ప్లాట్‌ఫారం, ఇదంతా రైలు దిగినవాళ్లకు కనబడే ముఖం. పెళ్లిచూపులకు వచ్చిన బావ చూసిన ముఖం. మేం పుట్టి పెరిగింది అటు పక్క కాదు. ఇంట్లోంచి మాకు కనబడింది స్టేషన్ వీపు. "బావా, తిప్పు. పలక తిప్పు" అన్నాను. తిప్పడంలో రెండు తాటిచెట్లు విరిగాయి. వెనక గోడకు బావ సున్నమే వేయలేదు. మిక్సీ పెట్టె మీది బాణం గుర్తు, గాజు గ్లాసు బొమ్మ అట్లాగే ఉన్నాయి. నేను అక్క ముఖాన్ని రెండు చేతులతో పట్టి ఇటు తిప్పాను.

అక్క ఎడమ చెయ్యి లేచింది. ఆ బోసి గోడ మీద, గ్లాసు బొమ్మ దగ్గర, గోటితో గీకింది. మళ్లీ గీకింది. "నా...యి...న" అంది. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి మేం విన్న మొదటి మాట అది.

మా ఊరి స్టేషన్ వెనక గోడకు, సరిగ్గా అక్కడ, ఒక కిటికీ ఉండేది. రైలు వేళ దాటినా రాకపోతే నాయిన గది వదిలి రావడానికి వీల్లేదు. రైళ్లేమో ఎన్నడూ వేళకు వచ్చేవి కావు. అందుకని అమ్మ టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టి ఇస్తే, అక్క నూలు చిలపల కింద నుంచి వంగి వెళ్లి ఆ వెనక కిటికీలోంచి అందించేది. సంపాదించే మనిషి తిననిదే ఇంట్లో ఆడవాళ్లు ముద్ద ముట్టకూడదని మా నాయినమ్మ పెట్టిన కట్టుబాటు. నాయిన తినడం అయ్యాక ఖాళీ డబ్బాను కిటికీ ఊచ మీద టకటకా కొట్టేవాడు. ఆ చప్పుడు వింటేనే మాకు కంచాలు వేసేవారు. నేను చిన్నదాన్ని కాబట్టి దొంగతనంగా ఏదో ఒకటి తినేసేదాన్ని. అక్క మాత్రం ఒక్కనాడూ తినలేదు.

వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చి అట్టకు కిటికీ కోశాను. "గీడ కిటికీ ఏంది? ఎన్నిసార్లు రాలే మీ ఊరికి, నాకెన్నడూ కనబడలే" అన్నాడు బావ. "నీకెట్ల కనబడతది? నువ్వు అల్లుడివి, రైలు దిగి ముందల నుంచి వస్తివి" అన్నాను. పప్పన్నం గిన్నె అక్క ముందు పెట్టాను. అక్క ఎడమ చేత్తో కొంచెం అన్నం తీసి, సగం పక్క మీద రాల్చి, మిగిలింది ఆ కిటికీలోంచి లోపలికి తోసింది. నేను చెంచా నోటి దగ్గర పెడితే పెదాలు విప్పలేదు. కానీ గోడవైపు తిరగలేదు. చూపు ఆ కిటికీ మీదే ఉంది. దేనికోసమో ఆగింది.

"బావా, అటు పక్కకు పో. పట్టాల వైపు కూసో. గిన్నె మీద చెంచాతో కొట్టు" అన్నాను. ఎందుకని అడగకుండా వెళ్లి కూర్చున్నాడు. టక, టక, టక.

అక్క నోరు తెరిచింది. నేను పెట్టిన ముద్ద నమిలి మింగింది. ఇంకోటి మింగింది. నా తొందరలో సగం ఆమె గదవ మీద పడుతోంది, అయినా నోరు తెరుస్తూనే ఉంది. అక్క ఇన్నాళ్లూ మొండికేయలేదు. తన మనసులో నాయిన ఇంకా తినలేదు, అంతే. సంతోషం పట్టలేక బావ ఆ అట్ట గోడ మీదుగా తల ఎత్తి చూశాడు. ఆయన ముఖం కనబడగానే అక్క నోరు మూసేసింది. నాయిన ఉండాల్సిన చోట ఎవరో తెలియని మనిషి. బావ టక్కున తల దించుకున్నాడు. మళ్లీ చెంచా చప్పుడైంది, మళ్లీ నోరు తెరుచుకుంది.

డాక్టరు వచ్చాడు, చూశాడు, గొట్టం ఊసెత్తలేదు. ఆ వానాకాలమంతా అక్క తిన్నది. స్టేషన్‌లోకి చీమలు బారులు కట్టాయి. బావ రోజూ పుల్లతో లోపలి మెతుకులు తీసి శుభ్రం చేసేవాడు. రెండు పూటలా పలకకు అవతల పీట వేసుకుని, అక్క కంటపడకుండా నడుం వంచి కూర్చుని, చెంచా కొట్టి, "తింటుందా?" అని నాకు చేత్తో సైగ చేసేవాడు. పెళ్లాం తినడం ఆయన కళ్లారా చూడలేదు, చెవులతో విన్నాడు. "మామ డ్యూటీ చేస్తున్న మరదలా. నాకేమో లీవు దొరుకుత లేదు" అని నవ్వబోయి ముఖం తుడుచుకునేవాడు. భర్తగా ఆయన్ను అక్క మళ్లీ గుర్తుపట్టనే లేదు.

చలికాలంలో అక్క పోయింది. ముక్కులో గొట్టం లేదు, చేతికి కట్టు లేదు. గడిచిపోయిన కాలం వెనక్కి చూసినా కనబడనంత దూరం పోతుందనుకునేదాన్ని నేను. మా అక్కకు మాత్రం అది ఒక అట్ట గోడకు అవతల, కొడితే చప్పుడు వినబడేంత దగ్గర్లో, ఆకలిగా కూర్చుని ఉంది.