నిఘంటువులో దొరకని మాట

మాది పాకాల. మాకు పిల్లలు పుట్టకపోవడానికి కారణం మా ఆయనలోని లోపమేనని పరీక్షల్లో తేలింది. ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పనివ్వలేదు. "గొడ్రాలు ఎదురొచ్చింది, ఇంగ పనైనట్టే" అని అత్త నన్నే దెప్పేది.

నిరుడు, మగవాళ్ల సంతానలేమిపై జీవితమంతా పరిశోధన చేసిన ఒక డాక్టరు తిరుపతిలో ఉపన్యసిస్తున్నారంటే ఇద్దరం వెళ్లాం. చివర్లో ధైర్యం చేసి లేచాను.

"సార్, ఆడదాన్ని గొడ్రాలంటారు గదా, అట్లాంటి మగోణ్ణి ఏమంటారు? మా లైబ్రరీలో నిఘంటువులన్నీ తిరగేసినాను. యాడా దొరకలేదు."

"నేను జబ్బు మీద పరిశోధన చేసినానమ్మా, తిట్ల మీద కాదు!" అన్నారాయన.

హాలంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో పక్కకు చూశాను. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది మా ఆయనే.

అత్త నిజం తెలియక అంటుంది. ఆయన తెలిసే నవ్వారు.